వెలుతురుకి దొరకని లీకు: శాక్సోఫోన్ ప్యాడ్‌లో తోలు చేసే పని

నా ఆల్టో శాక్సోఫోన్‌కి ప్యాడ్లన్నీ, అంటే కీల కింద ఉండి రంధ్రాల్ని మూసే తోలు బిళ్లలన్నీ, మార్పించి ఏడాది కూడా కాలేదు. జి స్వరం దాకా బాగానే ఉండేది. అక్కణ్ణుంచి కిందికి దిగే కొద్దీ గట్టిగా ఊదాల్సొచ్చేది. కింది సి దగ్గరికి వచ్చేసరికి ఎవరో నీళ్లు పుక్కిలిస్తున్నట్టు గడగడ తప్ప స్వరం లేదు. మార్చిన షాపుకే తీసుకెళ్తే గొట్టం లోపల లైటు పెట్టి చూపించారు. ఒక్క ప్యాడ్ పక్క నుంచి కూడా వెలుతురు కనపడలేదు. "లీకు లేదు సార్, రీడ్ మార్చి చూడండి" అన్నారు. రీడ్ అంటే నోటి దగ్గర బిగించే సన్నటి బద్ద, ఊదితే అదిరేది. రీడ్లు మార్చాను, మౌత్‌పీస్ మార్చాను, చివరికి నా ఊపిరి మీద నాకే అనుమానం వచ్చింది.

తర్వాత ఒక పాత బ్యాండు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన లైటు జోలికే పోలేదు. అగ్గిపుల్లకి దూది చుట్టి, నీళ్లలో ముంచి, పైవరసలో ఉన్న నాలుగు ప్యాడ్ల ముఖానికి తడి రాశారు. "ఇప్పుడు ఊదు బాబూ" అన్నారు. ఊదితే సి నిండుగా నిలబడింది. నేను సంబరపడుతుంటే ఆయన శాక్సోఫోన్ తీసుకుని ఫ్యాన్ కింద పెట్టి, టీ తాగొద్దాం రమ్మన్నారు. మే నెల ఎండ. వచ్చి మళ్లీ ఊదితే మళ్లీ గడగడ. "చూశావా, గాలి పక్క నుంచి పోవట్లేదు. తోలులోంచే పోతోంది" అన్నారు.

తోలులోంచి గాలి పోవడమేమిటి? చెప్పులు, బెల్టులు, డప్పులు చూసే మనకి తోలంటే మూసి ఉంచేదే గానీ కారేది కాదు. ఆ ప్రశ్నతోనే ఈ సంగతంతా తవ్వాల్సి వచ్చింది.

లీకంటే ఊదిన గాలి దారిలో వృథా కావడం అని మనం అనుకుంటాం, టైరుకి పంక్చర్ పడ్డట్టు. కానీ శాక్సోఫోన్ కింది చివర ఎలాగూ బార్లా తెరిచే ఉంటుంది. ఊదిన గాలి అటు పోతూనే ఉంటుంది, దాన్నెవరూ ఆపట్లేదు. నష్టం గాలి పోవడం వల్ల కాదు, అల చెడిపోవడం వల్ల. రీడ్ అదిరినప్పుడు గొట్టం లోపల గాలిలో ఒక ఒత్తిడి అల నిలబడుతుంది. కింది స్వరానికి ఆ అల పొడుగ్గా ఉండాలి, అంటే పైనున్న రంధ్రాలన్నీ గట్టిగా మూసుకోవాలి. కింది బి ఫ్లాట్‌కైతే ఆల్టోలో ఉన్న దాదాపు 25 ప్యాడ్లూ ఒకేసారి మూసుకోవాలి. మధ్యలో ఎక్కడ చిన్న కన్నం ఉన్నా అక్కడ ఒత్తిడి నిలవదు, అల రెండుగా విరిగి పై స్థాయికి ఎగరబోతుంది. ఎగరలేక, నిలవలేక కొట్టుకునే చప్పుడే ఆ గడగడ.

ఎంత చిన్న కన్నం చాలు? వాయిద్యంలోనే జవాబుంది. ఆక్టేవ్ కీ నొక్కితే తెరుచుకునే రంధ్రం వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు. కావాలని పెట్టిన లీకు అది. స్వరాన్ని ఒక స్థాయి పైకి ఎగరేయడానికి అంత చాలు. దాని వైశాల్యం సుమారు 3 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక మామూలు రంధ్రం తీసుకోండి. దాని చుట్టుకొలత 94 మిల్లీమీటర్లు. ప్యాడ్ అందులో మూడో వంతు మేర, కాగితం మందమంత, అంటే 0.1 మిల్లీమీటరు, పైకి లేచి ఉందనుకోండి. 31 మిల్లీమీటర్ల పొడవు, 0.1 ఎత్తు: మళ్లీ అదే 3 చదరపు మిల్లీమీటర్లు. సన్నటి సందులో గాలికి రాపిడి ఎక్కువ కాబట్టి ప్రభావం అచ్చంగా అంతే ఉండదు. అయినా లెక్క ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. ఒక్క కాగితం మందం తేడాతో మీ వాయిద్యానికి తెలియకుండానే ఇంకో ఆక్టేవ్ కీ పుట్టుకొస్తుంది.

అసలు గాలి బిగిసే ప్యాడ్ రావడం వల్లే ఇన్ని కీలున్న వాయిద్యాలు వచ్చాయి. 19వ శతాబ్దం మొదట్లో క్లారినెట్ కీలకి కింద చదునైన తోలు ముక్క ఉండేది, అది సరిగ్గా మూసేది కాదు. అందుకే ఎన్ని కీలు పెడితే అన్ని లీకులు. ఇవాన్ ముల్లర్ అనే వాయిద్యకారుడు లోపల మెత్త కూరి పైన తోలు చుట్టిన గుండ్రటి ప్యాడ్లు వాడి 13 కీల క్లారినెట్ చేశాడు. 1812లో పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల దాన్ని తిరస్కరించింది, అయినా ప్యాడ్ మాత్రం నిలబడిపోయింది. 1846లో అడాల్ఫ్ సాక్స్ పారిస్‌లో శాక్సోఫోన్‌కి పేటెంట్ తీసుకునేనాటికి, ఏ వేలూ మూయలేనంత పెద్ద రంధ్రాలు పెట్టే ధైర్యం ఆయనకి ఈ ప్యాడ్ వల్లే వచ్చింది. ఆల్టోలో అన్నిటికన్నా పెద్ద ప్యాడ్ 5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది మరి.

ఫ్లూటుకీ క్లారినెట్‌కీ చాలా చోట్ల తోలుకి బదులు పల్చటి పొర చుట్టిన ప్యాడ్లుంటాయి. దాన్ని చేప తోలు అంటారు గానీ చేపకీ దానికీ సంబంధం లేదు, అది పశువు పేగు పొర. గాలిని బాగా ఆపుతుంది, కానీ సుకుమారం. శాక్సోఫోన్ రంధ్రాలు పెద్దవి, అంచులు కరుకు, కీలు బరువు. ఆ దెబ్బలు రోజూ తట్టుకోవాలంటే తోలే కావాలి.

ప్యాడ్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే మొత్తం మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగున అట్ట, దాని మీద ఉన్ని ఫెల్ట్, ఆ రెండిటినీ కలిపి చుట్టిన తోలు. దర్జీ గుండీకి గుడ్డ చుట్టి వెనక బిగించినట్టే ఉంటుంది. నడుమ ఒక లోహపు బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో ఉంటుంది, దాన్ని రెసొనేటర్ అంటారు. మెత్తటి తోలు పై స్థాయి నాదాల్ని మింగేయకుండా తిరిగి గొట్టంలోకి కొట్టడం దాని పని. ఈ మొత్తాన్ని కీ చివరుండే గిన్నెలాంటి కప్పులో లక్కతోనో వేడి జిగురుతోనో అంటిస్తారు.

ఇందులో గాలి దారి ఎలా పోతుందో చూడండి. కీ మూసినప్పుడు రంధ్రం అంచు తోలు మీద గట్టిగా కూర్చుంటుంది. అంచుకీ తోలుకీ మధ్య సందు లేదు, అందుకే లైటు కనపడదు. కానీ అంచు లోపలివైపున్న తోలు గొట్టంలో గాలికి ఎదురుగా ఉంది. ఆ తోలు జల్లెడలాంటిదైతే గాలి దానిలోంచి ఫెల్ట్‌లోకి వెళ్తుంది. ఫెల్ట్ అంటే పేరుకే గుడ్డ, లోపలంతా ఖాళీయే. అక్కడ అడ్డంగా జరిగి, అంచు కిందుగా దాటి, బయటివైపు తోలులోంచో ప్యాడ్ వెనక నుంచో బయటపడుతుంది. రోడ్డు మీద చెక్‌పోస్టు పెడితే పొలాల్లోంచి చుట్టూ తిరిగి పోయినట్టన్నమాట. తోలు మందంగా, రంగుగా ఉంటుంది కాబట్టి ఈ దారిలో గాలి పోతుంది గానీ వెలుతురు పోదు. లీక్ లైటు చెప్పేది అబద్ధం కాదు, తనకి కనపడినంత వరకే చెబుతుంది.

ఇంకో చిన్న ద్రోహం రెసొనేటర్ దగ్గర ఉంది. ఎంత మంచి తోలైనా దాన్ని బిగించడానికి నట్టనడుమ రివెట్ కోసం కన్నం పెడతారు. రివెట్ వదులైతే గాలి నేరుగా ఫెల్ట్‌లోకి దిగుతుంది. అప్పుడు భారమంతా బయటివైపు తోలు మీదా వెనక జిగురు మీదా పడుతుంది. అందుకే మంచి పనివాళ్లు జిగురు నడుమ ఒక చుక్క వేసి ఊరుకోరు, ప్యాడ్ వెనకంతా పరుస్తారు. ప్యాడ్‌కి ఆధారమూ దొరుకుతుంది, వెనక దారీ మూసుకుంటుంది.

కొత్త ప్యాడ్‌ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ప్యాడ్ కన్నా సన్నటి పీవీసీ పైపు ముక్క తీసుకుని ఒక చివర గరుకు కాగితం మీద చదునుగా రుద్దాలి. ప్యాడ్ ముఖాన్ని ఆ చివర మీద వేలితో అదిమి, రెండో వైపు నుంచి మెల్లగా పీల్చాలి. నాలుక దగ్గర బిగిసినట్టుండి, వేలు తీసినా ప్యాడ్ ఒక్క క్షణం అతుక్కునే ఉంటే తోలు మంచిది. పీలుస్తున్న కొద్దీ గాలి వస్తూనే ఉంటే ఆ ప్యాడ్ ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టండి. పెద్ద వర్క్‌షాపుల్లో దీనికే ఒత్తిడి గేజీలు వాడతారు, సూత్రం అదే.

ఇక తోలు సంగతి. చర్మం పై పొరలో నారలు సన్నగా, దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి. కిందికి వెళ్లే కొద్దీ నారలు లావై, అల్లిక వదులవుతుంది. గాలిని ఆపేది ప్రధానంగా ఆ పై పొరే. వెంట్రుక మొలిచిన ప్రతిచోటా దానిలో ఒక గుంట ఉంటుంది. లేత మేక తోలుకి ఈ రంగంలో అంత పేరు రావడానికి కారణం అదే: గుంటలు చిన్నవి, నేత బిగువు. గొర్రెల్లో రెండు రకాలు. దట్టమైన ఉన్ని ఉన్న గొర్రె తోలులో రెండు పొరల మధ్య కొవ్వు ఎక్కువ, శుద్ధి చేశాక అక్కడ ఖాళీలు మిగిలి తోలు గుల్లగా అవుతుంది, పొరలు విడిపోతాయి కూడా. ఉన్నికి బదులు వెంట్రుకలుండే గొర్రె తోలు దానికన్నా బిగువు. మన నెల్లూరు గొర్రె ఈ రెండో జాతిది. ఊళ్లో గొర్రెల మందని చూసినవాళ్లకి, దక్కనీ గొర్రెనీ నెల్లూరు గొర్రెనీ పక్కపక్కన పెడితే ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకే తోలులోనూ అన్ని చోట్లా ఒకే గుణం ఉండదు. వెన్ను వెంబడి గట్టిగా ఉంటుంది, పొట్ట దగ్గరా చంకల దగ్గరా సాగుతుంది, గుల్లగా ఉంటుంది. పిడుదు కుట్టిన చోట, ముళ్లకంప గీసిన చోట మచ్చ. మంచి ప్యాడ్ చేసేవాడు వెన్ను భాగం వాడి మిగతాది పక్కన పెడతాడు. చౌక ప్యాడ్ చేసేవాడు తోలు మొత్తం వాడేస్తాడు. ఒకే పెట్టెలో 25 ప్యాడ్లు కొంటే అందులో 18 బాగుండి 7 కారడం ఇలాగే జరుగుతుంది. ధరలో తేడా చాలా వరకు ఈ ఏరివేతలోనే ఉంటుంది, పెట్టె మీద అచ్చువేసిన పేరులో కాదు.

తోలుని పదును చేసే, అంటే కుళ్లకుండా శుద్ధి చేసే, పద్ధతి కూడా చూడాలి. డప్పుకి బిగించేది పచ్చి తోలు. అది ఎండకి బిగుస్తుంది, తేమకి సాగుతుంది, అందుకే వాయించే ముందు మంట చూపిస్తారు. ప్యాడ్‌కి ఆ గుణం పనికిరాదు. ఊపిరి తేమ రోజూ తగులుతూ ఆరుతూ ఉన్నా ఆకారం మారకూడదు. కాబట్టి పదును చేసిన తోలే కావాలి. మన దక్షిణాదిలో పాతకాలం నుంచి తంగేడు పట్ట, కరక్కాయ వేసి తోళ్లు పదును చేసేవాళ్లు. బతుకమ్మలో పేర్చే తంగేడే. అలా చేసిన తోలు నిండుగా, కాస్త బిరుసుగా ఉంటుంది. క్రోమియం లవణాలతో చేసింది మెత్తగా, సాగేలా ఉండి నీటి తడిని మెరుగ్గా తట్టుకుంటుంది. ఆ తర్వాత నీరు ఇంకకుండా మైనం లాంటివి పట్టిస్తారు, కొందరు పైన ప్లాస్టిక్ పొర కూడా వేస్తారు. పొర వేసిన ప్యాడ్ కొత్తలో పైపు పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గుతుంది. పొర పగిలాక కింద ఎలాంటి తోలుందో అప్పుడు బయటపడుతుంది. రంగు చూసి మాత్రం ఏమీ చెప్పలేం. తెలుపు, గోధుమ, నలుపు అన్నీ అద్దకమే.

మందం సంగతి కూడా చిన్నది కాదు. ప్యాడ్ తోలు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. అందులో ఒక పక్క కాస్త ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఆ మేరకి ప్యాడ్ ముఖం ఏటవాలుగా తయారవుతుంది. మనం ఇందాక లెక్కేసిన 0.1 మిల్లీమీటరులో సగం ఇక్కడే ఖర్చయిపోతుంది. తోలు చుట్టేటప్పుడు మరీ లాగి చుడితే ముఖం బోర్లించిన పళ్లెంలా ఉబ్బుతుంది, వదులుగా చుడితే ముడతలు పడతాయి. ముడత మీద అంచు కూర్చోదు.

కంగారూ తోలు ప్యాడ్లు కూడా దొరుకుతున్నాయి, అమెరికాలో మ్యూజిక్ మెడిక్ వాళ్లు వాటికి పేరు తెచ్చారు. కంగారూ తోలులో నారలు ముఖానికి సమాంతరంగా, ఒకే తీరుగా పరుచుకుని ఉంటాయి. అందుకే ఎంత పల్చగా చెక్కినా చిరగదు. బూట్లకీ చర్నాకోలలకీ దాన్ని వాడేదీ ఇందుకే. ఇటలీలో పిసోని వాళ్ల ప్యాడ్లు చాలా కాలంగా రిపేరు బల్లల మీద కనిపిస్తాయి. నా మటుకు, ఏ జంతువు తోలన్నది రెండో ప్రశ్న. ఏరారా లేదా అన్నది మొదటిది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. శాక్సోఫోన్ లీకుల్లో ఎక్కువ పాపం తోలుది కాదు. తోలు మీద తోసేయడం సులువు, అంతే. రంధ్రం అంచు చదునుగా లేకపోతే కంగారూ తోలేసినా మూసుకోదు. శాక్సోఫోన్ ఒక్కసారి కింద పడితే చాలు, ఇత్తడి గొట్టం కంటికి తెలియనంత వంగి, అంచుల్లో ఒకటి ఎత్తవుతుంది. కీ కప్పు ఒక పక్కకి ఒరిగి ఉండవచ్చు. కీ ఇరుసు అరిగి ఊగుతుండవచ్చు: అలాంటి కీ ఒకసారి ఒక చోట కూర్చుంటుంది, ఇంకోసారి ఇంకో చోట. ఒక వేలు నొక్కితే రెండు మూడు ప్యాడ్లు కలిసి మూసుకునే చోట్ల, మధ్యనున్న బెండు ముక్క కాస్త అరిగినా ఒకటి ముందు తగిలి రెండోదాన్ని ఆపేస్తుంది.

ఇక్కడే మంచి తోలు ఒక మోసం చేస్తుంది. మెత్తటి ఫెల్ట్, మెత్తటి తోలు వాడితే వంకర అంచు మీద కూడా ప్యాడ్ అణిగి సర్దుకుంటుంది. షాపులో ఊదితే అద్భుతం. కానీ ఎత్తున్న చోట ప్యాడ్ లోతుగా నొక్కుకుపోతుంది, వేలితో బలంగా అదమాల్సొస్తుంది. అదిమిన కొద్దీ అంచు తోలుని కోస్తుంది. అంచు గుర్తు ఉంగరంలా పడి, ఒక పక్క లోతుగా, ఇంకో పక్క అంటీ అంటనట్టుగా ఉంటే తప్పు ప్యాడ్‌ది కాదు, దాని కిందున్న ఇత్తడిది. గట్టి ప్యాడ్ అలా సర్దుకోదు, అందుకే దాన్ని కూర్చోబెట్టడం కష్టం. అంచులన్నీ ముందు చదును చేస్తే తప్ప కుదరదు. కుదిరితే మాత్రం వేలు ఆనిస్తే చాలు, మూసుకుంటుంది.

రెండు లీకుల్నీ విడదీయడానికి సన్నటి కాగితం చాలు. సిగరెట్ కాగితాన్ని సన్నగా కత్తిరించి ప్యాడ్‌కీ అంచుకీ మధ్య పెట్టి, కీ మెల్లగా మూసి లాగాలి. చుట్టూ ఆరేడు చోట్ల ఒకే బిగువుతో వస్తే కూర్చోవడం సరిగ్గా ఉన్నట్టే. అయినా స్వరం నిలవకపోతే మాస్టారి దూది పరీక్ష చేయాలి. తడి రాస్తే బాగుపడి ఆరితే చెడిపోయేది తోలు లీకు. వాయించడం మొదలెట్టిన పదిహేను నిమిషాలకి వాయిద్యం "వేడెక్కి" బాగా పలుకుతుందని చాలామంది అంటారు. వేడి సంగతి కొంత నిజమే. పాత ప్యాడ్లున్న వాయిద్యంలో మాత్రం చాలా సార్లు జరిగేది ఇంకోటి: ఊపిరి తేమకి తోలు ఉబ్బి రంధ్రాలు పూడుకుంటాయి.

అయితే తడి మంచిదే కదా అనుకోవద్దు. తోలుని చంపేదీ అదే. ఉమ్మిలో లవణాలు, తాగిన టీలో చక్కెర, రోజూ తడిసి ఆరడం, ఇవన్నీ కలిసి తోలులోని నూనెని తినేస్తాయి. వాయిద్యం మెడకి దగ్గరగా, అరచేతితో నొక్కే పై కీల ప్యాడ్లు ముందు పోతాయి. స్ప్రింగు బలంతో ఎప్పుడూ మూసే ఉండే జి షార్ప్, కింది ఇ ఫ్లాట్, సి షార్ప్ ప్యాడ్లు ఆరే అవకాశమే లేక అంచుకి అతుక్కుంటాయి. కొత్త తోలు బడ్జెట్‌కి సరిపడా నాలుగైదే కొనగలిగితే ముందు వీటికే పెట్టడం తెలివి. పెళ్లి బ్యాండ్లలో ఇంకో బాధ ఉంది: ఆషాఢంలో ముహూర్తాలుండవు, శాక్సోఫోన్ నెల రోజులు పెట్టెలో పడుంటుంది, పైగా అదే వానలు మొదలయ్యే కాలం. బీరువాలో తోలు చెప్పుకి పట్టే బూజే ప్యాడ్‌కీ పడుతుంది. లోపల ఉన్ని ఫెల్ట్‌ని చిమ్మటలు తినడం కూడా ఉంది.

ఎండిపోయిన ప్యాడ్ చూడగానే మనవాళ్లకి చేయి నూనె సీసా మీదకి పోతుంది. తప్పు మనది కాదు, సైకిల్ పంపు నేర్పిన పాఠం అది. పంపు గాలి కొట్టకపోతే లోపలి తోలు వాచరుకి నాలుగు చుక్కల నూనె రాస్తే మళ్లీ బుస్సుమని కొడుతుంది. కానీ అక్కడ వాచరు గొట్టం గోడని రాసుకుంటూ జారుతుంది, మధ్యలో నూనె పొరే గాలిని ఆపుతుంది. ప్యాడ్ జారదు, కూర్చుంటుంది, లేస్తుంది. నూనె రాస్తే లేచేటప్పుడు అంటుకుంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, ఫెల్ట్‌లోకి ఇంకి దాన్ని ముద్ద చేస్తుంది. కొబ్బరి నూనైతే కొన్నాళ్లకి వాసన కూడా. వాయించాక లోపల గుడ్డ లాగి తుడవడం, తడిసిన ప్యాడ్ల కింద ఇంకుడు కాగితం పెట్టి మెల్లగా ఆనించి తీయడం, పెట్టెని వెంటనే మూసేయకపోవడం, ఇంతకు మించి ఇంట్లో చేయగలిగింది లేదు. ఉంగరం గుర్తు దగ్గర తోలు పగిలితే ఇక మార్చాల్సిందే.

మాస్టారు నా వాయిద్యంలో పై నాలుగు ప్యాడ్లు మార్చారు. తీసినవాటిలో ఒకదాన్ని బ్లేడుతో కోసి నా చేతిలో పెట్టారు. తోలు ఒక పక్క పేక ముక్క మందం ఉంటే, ఇంకో పక్క ఉల్లిపొరలా ఉంది. ఫెల్ట్ తెల్లగా ఉండాలి. అంచు గుర్తుకి లోపలా బయటా ఒకే టీ రంగు మరక. తోలు పైన ఎక్కడా చిరుగు లేదు, నీళ్లు మాత్రం దాటి లోపలికి పోయాయి. నీళ్లు పోయిన దారిలోనే గాలీ.

మిగిలిన ఇరవై పైచిలుకు ప్యాడ్లు ఇంకా ఆ షాపు వేసినవే. కింది బి ఫ్లాట్ జూలైలో అడిగిన వెంటనే పలుకుతుంది. మే నెలలో దూది, అగ్గిపుల్ల జేబులో పెట్టుకుని వెళ్తున్నాను.